ఖండస్ఫుటిత జీర్ణోద్ధారము : శంషాబాదు ప్రాంతపు పాతకట్టడముల చరిత్ర

మన దేశమున దేవాలయములకును తటాకములకును రాజులు, సామంతులు, సామాన్య గృహస్థులును ఒసగిన దానములను దెలుపు శాసనములను చదువువారికి ఒక సమాసము పదేపదే కంటబడును. అది "ఖండస్ఫుటిత జీర్ణోద్ధారము" అనునది. ఖండమనగా విఱిగినది. స్ఫుటితమనగా బీటవాఱినది. జీర్ణమనగా కాలవశమున శిథిలమైనది. ఈ మూడింటిని బాగుచేయుట కింత భూమి, ఇంత ధాన్యము, ఇంత సుంకము అని దాతలు ఱాతిమీద చెక్కించిరి. నైవేద్యమునకును దీపమునకును ఎట్లు శాశ్వతాదాయము కల్పించిరో, పగుళ్ళు పూడ్చుటకును అట్లే కల్పించిరి. గుడి కట్టిన దినముననే ఆ గుడి యొకనాటికి బీటవాఱునని వా రెఱుగుదురు. ఎఱిగి, దానికి వలసిన వ్యయమును ముందుగనే యేర్పఱచిరి. ఇది వారి దూరదృష్టి.

కులబాంధవులారా! మన వార్షికసభా సంచికలలో పంచవృత్తుల ప్రాచీనవైభవమును గూర్చి ఏటేట వ్యాసములు వెలువడుచున్నవి. మను, మయ, త్వష్టృ, శిల్పి, విశ్వజ్ఞుల సంతతివారమని మనము గర్వముతో చెప్పుకొనుచున్నాము. అది యుక్తమే. కాని కట్టినవారి కీర్తిని గానము చేయుటకంటె, కట్టినదానిని నిలువబెట్టు విద్యను గూర్చి ఆలోచించుట ఈ కాలమున ఎక్కువ యవసరమని నాకు తోచుచున్నది. అందులకై దూరదేశముల కేగ నక్కఱలేదు. శంషాబాదు పరిసరములను చూచిన చాలును.

2008 మార్చి నెలలో శంషాబాదున అంతర్జాతీయ విమానాశ్రయము తెఱువబడినది. నాటినుండి ఆ గ్రామనామము లోకమంతట వినబడుచున్నది. విమానము దిగి నగరమునకు పోవువారు అద్దాల మేడలను, విశాలమైన రహదారులను చూతురు. ఆ చుట్టుప్రక్కలనే నూఱేండ్లును, అంతకు మించియు వయస్సు గల ఱాతికట్టడములు నిలిచియున్నవని తెలిసినవారు కొందఱే. నర్కుడ గ్రామసమీపమున అమ్మపల్లి శ్రీ సీతారామచంద్రస్వామి యాలయమును, దాని యున్నత గోపురమును, ఱాతిమెట్ల కోనేరును కలవు. ఈ యాలయము పదుమూడవ శతాబ్దినాటిదని స్థానిక ప్రతీతి. అచ్చట తఱచుగా చలనచిత్రములు తీయుచుందురు. గ్రామగ్రామమున తూములును మత్తళ్ళును గల చెఱువులు కలవు. ఊరికి వాయవ్యమున ఈసీనదికి అడ్డముగా హిమాయత్‌సాగరపు కట్ట కలదు. ఈ కట్ట యేల పుట్టినదో తెలిసికొన్నచో మన విషయము సులభముగా బోధపడును.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తినది. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజి వంతెన కొట్టుకొనిపోయినది. ఆ సమయమున ఎక్కువ వాన కురిసినచోట్లలో మన శంషాబాదు ఒకటి. ఇచ్చట 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.90 అంగుళములును కురిసినట్లు లెక్కలు తెలుపుచున్నవి. కాని వాన యొక్కటియే ఆ వినాశమునకు కారణము కాదు. మూసీ పరీవాహక ప్రదేశమున దాదాపు చదరపుమైలునకు ఒకటి చొప్పున 788 చెఱువు లుండెను. వానిలో 221 చెఱువులు ఆ వరదలో తెగిపోయినవి. పైచెఱువు తెగి క్రిందిచెఱువుమీద పడును. అది తెగి దాని క్రిందిదానిమీద పడును. ఇట్లు గొలుసుకట్టుగ తెగిన నీరంతయు వాననీటితో గూడి నదిలో పడినది. ఏ చెఱువులు కరవునుండి ప్రజలను కాపాడుటకై నిర్మింపబడెనో, ఆ చెఱువులే తెగి వరదకు బలము చేకూర్చినవి.

ఈ యుపద్రవము మరల రాకుండుటకై నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన 1909లో వచ్చి, నదిని, చెఱువులను, వర్షపాతపు లెక్కలను పరిశీలించి, నగరమునకు ఎగువను మూసీమీద నొకటి, ఈసీమీద నొకటి, రెండు జలాశయములు కట్టవలెనని సలహా యిచ్చెను. మూసీమీది ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీది హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఆ కాలపు ప్రసిద్ధ ఇంజనీరగు నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు పేరు ఈ నిర్మాణములతో ముడిపడియున్నది. ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు. హిమాయత్‌సాగరమునకు 17 వరద తలుపులు కలవు. దాని పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 1763.50 అడుగులు. 2027తో ఆ కట్టకు నూఱేండ్లు నిండును. ఇంజనీర్ల పేర్లు చరిత్రలో నిలిచినవి. ఱాళ్ళు చెక్కినవారి పేర్లు, సున్నము నూఱినవారి పేర్లు, తలుపుల యినుము సాగగొట్టినవారి పేర్లు ఎచ్చటను వ్రాయబడలేదు.

ఇట్టి ఱాతికట్ట నీటిని ఎట్లు నిలుపుచున్నదో కొంచెము విచారింతము. నీరు కట్టను ముందునకు త్రోయును. కట్ట తన బరువుచేత దానికి ఎదురునిలుచును. ఇంతవఱకు చూచినచో బరువు చాలినయెడల భయము లేదనిపించును. కాని నీరు ముందునుండి త్రోయుటతో ఊరకుండదు. ఱాళ్ళ సందులలోనికిని, పునాది క్రిందికిని దూరి, కట్టను పైకెత్తుటకు ప్రయత్నించును. కట్టపాదమున నీ పైకెత్తుబలము ఎంత పెరిగిన, కట్ట బరువు అంత తగ్గినట్లే యగును. ఫ్రాన్సు దేశమున ఎపినాలు పట్టణ సమీపమునగల బూజీ యను ఱాతికట్ట విషయమున లోకము ఈ పాఠమును నేర్చుకొన్నది. 1884లోనే ఆ గోడలో కొంతభాగము ముందునకు జరిగి బీటలు వాఱెను. కొన్నియేండ్లకు మరమ్మతు చేసి మరల నీరు నింపిరి. 1895 ఏప్రిల్ 27వ తేదీన అది పగిలిపోయినది. ఎనుబదిమందికి పైగా చనిపోయిరి. ఆ పిమ్మటనే నీటి పైకెత్తుబలమును ఇంజనీర్లు లెక్కలోనికి తీసికొనసాగిరి. గోడ ముందుగనే చెప్పినది. దాని మాట పూర్తిగా అర్థముచేసికొనలేకపోయిరి.

మన దక్షిణదేశమున 1895లోనే పూర్తియైన ముల్లపెరియారు కట్ట సున్నము, సుర్కీల గారతో కట్టబడినది. ఇటుకపొడిని సున్నముతో కలిపిన గారయే సుర్కీగార. 1979 తరువాత ఆ కట్టకు పైన కాంక్రీటు బరువు నెక్కించి, ఇనుప తీగలను లోతుగా దింపి ఱాతికి బిగించి, వెనుక అండగోడ కట్టి బలపఱచిరి. కాబట్టి ముసలికట్టడము పనికిరానిదనుట తప్పు. పరీక్షింపక నమ్ముటయు తప్పు. పరీక్షించి, దాని వ్యాధిని నిర్ణయించి, తగిన చికిత్స చేయవలెను.

ఱాతికిని సున్నమునకును వచ్చు వ్యాధులలో అధికభాగము నీటివలననే కలుగును. సున్నపుఱాయిని దాదాపు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు గాలి వెడలిపోవును. మిగిలిన సున్నమును నీటిలో విఱిపి, ఇసుకతోడను సుర్కీతోడను గానుగలో నూఱి గారచేయుదురు. ఆ గార గోడకెక్కిన పిదప గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా మరల పీల్చుకొని తిరిగి ఱాయియగును. ఇందుకు ఏండ్లు పట్టును. కాని ఎడతెగక ఊరు నీరు ఆ సున్నమును కరగించి వెలికి తెచ్చును. గోడమీద తెల్లని చారలు కనబడుట దీనికి గుఱుతు. చారలు పెరిగినకొలది లోపల సందులు ఖాళీ యగుచున్నవని తెలియవలెను. ఖాళీయైన సందులో మన్ను చేరును. మన్నులో పక్షులు వేసిన రావి, మఱ్ఱి గింజలు మొలచును. చిటికెనవ్రేలంత మొలకను వ్రేలితో పెఱికివేయవచ్చును. మూడేండ్లు విడిచినచో దాని వేరు గోడను చీల్చును. అప్పుడు ఱాళ్ళు విప్పక దానిని తీయుట సాధ్యము కాదు.

పెద్దకట్టడమునకును చిన్నకట్టడమునకును పరీక్షాక్రమము ఒక్కటే. నేను శాస్త్రగ్రంథముల వలనను, పనివారిని అడిగియు తెలిసికొన్నంతవఱకు ఇచ్చట క్రోడీకరించుచున్నాను.

మొదట నీటిదారి చూడవలెను. వానలో గొడుగు పట్టుకొని పోయి చూచినవాడే నిజమును తెలిసికొనును. పైకప్పుమీది నీరు ఎచ్చట నిలుచుచున్నది, తూములు పూడినవా, గోడపాదమున గుంట పడినదా యని గమనింపవలెను. రెండవది, మొలకలు. మూడవది, బీటలు. ఇటుకగోడలో మెట్లుమెట్లుగా పోవు బీట తఱచుగా పునాది క్రుంగినదని చెప్పును. ఱాతిగోడ కడుపువలె ముందునకు ఉబ్బినచో రెండు ముఖముల నడుమనున్న పూరింపులోనికి నీరు చేరినదని అనుమానింపవలెను. బీట కనబడగానే భయపడ నక్కఱలేదు. అది చచ్చినబీటయా, బ్రతికిన బీటయా యని తెలిసికొనవలెను. దానికి అడ్డముగా సన్నని గాజుపలక నంటించి తేదీ వ్రాసిపెట్టినచో, బీట కదలినప్పుడు గాజు పగులును. నాలుగవది, ధ్వని. చిన్నసుత్తితో తట్టినపుడు గట్టిగార కంగుమనును. ఊడుటకు సిద్ధమైన గార బోలుకుండవలె పలుకును. అయిదవది, గుండుకట్టిన దారమును వ్రేలాడదీసి గోడ ఒరుగుటను కొలుచుట.

నీటికట్టల విషయమున ఆఱవ పరీక్ష కలదు. కట్టనుండి ఊరు నీటిని ఒక చిన్నకాలువలోనికి త్రిప్పి, త్రికోణపు గంటు గల పలకమీదుగ పాఱించి, ఎంత పాఱుచున్నదో కొలుతురు. ఆ దినమున జలాశయపు మట్టమును ప్రక్కనే వ్రాయుదురు. మట్టము పెరిగినపుడు ఊట పెరుగుట సహజము. మట్టము మాఱకయే ఊట పెరిగినను, తేటగా వచ్చుచున్న నీరు మట్టిరంగు తిరిగినను అది యపాయసూచన. ఊట హఠాత్తుగా నిలిచిపోయినను సంతోషింపరాదు. నీరు వేఱుదారి పట్టియుండవచ్చును.

ఇన్నింటికంటె ముఖ్యమైనది చూచినదానిని వ్రాసిపెట్టుట. ఒక్కసారి చూచిన బీట కేవలము గీతయే. పది సంవత్సరములు వరుసగా కొలిచి వ్రాసిన బీట చరిత్రయగును. వైద్యుడు నాడిని వెనుకటి నాడితో పోల్చునట్లు పరీక్షకుడును నేటి కొలతను నిరుటి కొలతతో పోల్చవలెను. భారత ప్రభుత్వమువారి 2021 సంవత్సరపు ఆనకట్టల భద్రతాచట్టము పెద్దకట్టలన్నింటిని వానకాలమునకు ముందొకసారియు, తరువాత నొకసారియు పరీక్షింపవలెనని శాసించినది. మన రైతులకు ఇది నూతనము కాదు. రోహిణి కార్తెలో కట్టను చూచుకొని మృగశిరకు సిద్ధపడుటయు, స్వాతి వానలు వెనుకపట్టిన పిదప మరల చూచుకొనుటయు వారి వాడుక.

ఈ వాడుక మాటమాత్రమున నిలువలేదు. దానికి జీవనాధార ముండెను. చెఱువు త్రవ్వించి, దానిని బాగుచేయుచుండువానికి దశబంధ మను పేర మాన్యము లిచ్చిరి. నీరటివాడు తూమును కాచుచు, వానరాత్రి కట్టమీద తిరుగుచు, ఎలుకబొఱియను, నక్కబొఱియను గుర్తించి పూడ్చువాడు. తటాకమును, దేవాలయమును సప్తసంతానములలో చేర్చి, కన్నబిడ్డతో సమానముగ నెంచిరి. బిడ్డను కని విడిచిపెట్టువారుందురా? ఒడ్డెవారు మట్టిపనియు ఱాతిపనియు చేసిరి. మన శిల్పులు తూముఱాళ్ళు చెక్కిరి. కమ్మరులు గడ్డపాఱలు పదునుపెట్టిరి. వడ్రంగులు తూముకఱ్ఱలు చేసిరి. ఒక చెఱువునకు పది కులముల చేతులు తగిలెను. మాన్యములు పోయిన తరువాత ఆ చేతులు విడిపోయినవి. కట్ట సర్కారుదైనది, సర్కారుది యెవరిదియు కాదని జనులు తలచిరి.

దాని ఫలము శంషాబాదు ప్రాంతమున మరల కనబడినది. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన మహావృష్టికి విమానాశ్రయ సమీపమున గగన్‌పహాడు అప్పచెఱువు తెగి, బెంగుళూరు రహదారిమీద వరద పాఱినది, ప్రాణనష్టము కలిగినది. అదే సమయమున హిమాయత్‌సాగరపు తలుపు లెత్తి నీరు విడిచిరి. పెద్దకట్ట నిలిచినది, చిన్నకట్ట తెగినది. 112 సంవత్సరముల క్రిందట 221 చెఱువులు చెప్పిన పాఠమునే ఒక చెఱువు మరల చెప్పినది. పెద్దకట్టకు ఇంజనీర్లును, కావలివారును, చట్టమును కలరు. చిన్నకట్టకు నీరటివాడే దిక్కు. వాడిప్పుడు లేడు.

బాగుచేయు విధమును గూర్చియు మన పూర్వులు ఆలోచించిరి. మయమతమున అనుకర్మవిధాన మను నధ్యాయము జీర్ణోద్ధారమునకే యేర్పడినది. లక్షణము లింకను గుర్తింపదగి యున్న కట్టడమును దాని ద్రవ్యముతోడనే, దాని రూపముననే బాగుచేయవలెనని అందలి భావము. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమునకు పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మొదలైనవి కాచి కషాయము చేయు పద్ధతిని వివరించెను. మన పనివారు కరక్కాయ నీటిని, బెల్లపునీటిని గారలో కలిపిరి. కట్టడమునకు ఏ ద్రవ్యము సరిపడునో దానినే వాడవలెనను వివేకము ఇందు కలదు.

ఈ వివేకము నేడు తఱచుగా మఱుగుపడుచున్నది. నే నెఱిగిన యొక గ్రామమున గోపురపు పాతసున్నము నంతయు గీకివేసి, సిమెంటు పూసి, పైన నూనెరంగులు వేసిరి. చూచువారికి కన్నులపండువైనది. మూడు వానకాలములు గడచునప్పటికి పూత పొరలుపొరలుగ ఉబ్బి, ఇటుకల ముఖములతోకూడ ఊడిపడినది. కారణము సులభము. సున్నపుగార ఊపిరి పీల్చును. లోపలికి పోయిన తేమను వెలికి విడుచును. సిమెంటుపూత గట్టిది, తేమను లోపలనే బంధించును. బందీయైన తేమ లవణములను కరగించి, ఆఱునపుడు స్ఫటికములుగ మాఱి ఇటుకను పొడిచేయును. సిమెంటు చెడ్డదని నా మాట కాదు. క్రొత్తకట్టడములలో అది గొప్పసాధనము. మెత్తని శరీరమునకు ఇనుపచొక్కా తొడిగినచో శరీరమే నొచ్చుకొనును.

సున్నపుపని తెలిసినవారికి నేటికిని పని కొదవ లేదు. 1591లో వెలసిన చార్మినారున ఒక మినారునుండి 2019 మే 1వ తేదీ రాత్రి సున్నపు అలంకారపు పెద్దపెల్ల యొకటి ఊడిపడినది. దానిని బాగుచేయుటకు మరల సున్నపు పనివారే కావలసివచ్చిరి. గోలకొండ కుతుబ్‌షాహీ సమాధుల యావరణలోని బడీబావిలో 2013 వానలకు ఒక ప్రక్కగోడ కూలినది. ఆగాఖాను సంస్థవారు దానిని ఱాతితోను సున్నముతోను మరల నిలిపిరి. గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006 ప్రాంతమున విప్పగా, మరల అమర్చి 2024 మార్చినాటికి ప్రజలకు తెఱచిరి. విప్పుటకును నిలుపుటకును నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. శిథిలమగువఱకు ఊరకుండి పిమ్మట చేయు పని యెంత కష్టసాధ్యమో దీనివలన తెలియగలదు.

సకాలమున బాగుచేసిన దానికి మూసీమీది పురానాపూలే సాక్షి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1578లో 22 కమానులతో కట్టిన ఆ వంతెన 1820 వరదలో దెబ్బతినెను. సికందర్‌జా దానిని వెంటనే బాగుచేయించెను. ఆ మరమ్మతు జరిగి 88 ఏండ్లైన పిమ్మట 1908 వరద వచ్చినది. దానికంటె ఎంతో చిన్నవయస్సు గల వంతెనలు కొట్టుకొనిపోయినను, పురానాపూలు నిలిచినది. వయస్సు కట్టడమునకు శత్రువు కాదు, ఉపేక్షయే శత్రువు.

ఇక మన సంఘము చేయదగిన పని యేమి? మొదటిది, మన శిల్పులలోను, తాపీ పనివారిలోను గానుగసున్నపు పని యెఱిగిన వృద్ధులు ఏయే యూళ్ళలో నున్నారో ఒక పట్టిక వ్రాయవలెను. వారు వ్రాతగాండ్రు కారు. వారి విద్య చేతిలో నున్నది. గార పాళము వారు వ్రేలితో అంటి చెప్పుదురు. ఆ పాళమును పుస్తకము చదివి నేర్చుకొనుట సాధ్యము కాదు. వారితో పాటు అదియు పోవును. రెండవది, ప్రతిసంవత్సరము మన విద్యార్థివేతనములలో రెండైనను ఇంజనీరింగు చదువు బాలురకును బాలికలకును ఇచ్చి, సెలవులలో ఆ వృద్ధులకడ పని నేర్పింపవలెను. కొలత యెఱిగిన కన్నును, పాళమెఱిగిన చేయియు కలిసిననే జీర్ణోద్ధారము సాగును. మూడవది, ప్రతి గ్రామశాఖయు తన యూరి గుడికి, చెఱువు తూమునకు, మత్తడికి ఒక్కొక్క పరీక్షాపుస్తకము పెట్టవలెను. రోహిణి కార్తెలో నొకసారి, స్వాతి వెళ్ళిన తరువాత నొకసారి చూచి, తేదీతో వ్రాసి, మొలకలు తామే తీసి, బీటలు అధికారులకు తెలుపవలెను. దీనికి పైకము పెద్దగా నక్కఱలేదు. ఒక సుత్తి, ఒక దారము, ఒక పుస్తకము చాలును. నాలుగవది, మనలో ధనవంతులు క్రొత్త మండపమునకు విరాళ మిచ్చునపుడు, అందులో పదియవవంతు ఆ మండపపు మరమ్మతుకై బ్యాంకులో శాశ్వతనిధిగా వేయవలెను. అదియే మన దశబంధము.

నూతనప్రతిష్ఠకంటె జీర్ణోద్ధరణ మెక్కువ పుణ్యమని ధర్మగ్రంథములు చెప్పుచున్నవి. పుణ్యమును నమ్మనివారికి 1908 నాటి లెక్కలు చాలును. హిమాయత్‌సాగరమునకు నూఱేండ్లు నిండు 2027 సంవత్సరమున పూలదండలు వేయువారును, ఉపన్యాసము లిచ్చువారును తప్పక యుందురు. మనము ఆ యేటికి ముందుగనే మన మన యూళ్ళ కట్టలమీద ఒక్కసారి నడచి, చూచినది వ్రాసి, వచ్చు సంవత్సరపు సభలో ఆ పుస్తకములను ఒకచోట చేర్చుదము గాక. శాసనములు చెక్కిన మన పూర్వులు విఱిగినదానికిని, బీటవాఱినదానికిని, జీర్ణించినదానికిని భారము తమదిగ నెంచిరి. ఆ భారమును మనమును వహింతుము గాక.